ఆరేళ్లు గ్యాసూ కరెంటూ రెండూ వాడి చూశాం

మహబూబ్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని 2019లో చేరాం. ఇంట్లో ఆరుగురం. ఇప్పుడు నీళ్లు కరెంటుతో కాగుతాయి, రొట్టెలు గ్యాస్ మీద కాలుతాయి. ఈ పద్ధతి కుదరడానికి చాలా తిప్పలు పడ్డాం.

మొదట కొన్నది గ్యాస్ గీజర్. కుళాయి తిప్పగానే వేడినీళ్లు, కరెంటు పోయినా ఆగేది కాదు. బిగించడానికి వచ్చినాయన బాత్‌రూమ్ లోపలి గోడకే బిగించి పోయాడు, అది తప్పని మాకూ తెలియలేదు. రెండో చలికాలంలో ఒకరోజు అత్తమ్మ స్నానానికి పోయి ఎంతకీ రాలేదు. తలుపు బాదితే ఎట్లాగో గడియ తీసి గడప మీదే కూలబడింది. తల తిరుగుతోందమ్మా, కడుపులో తిప్పుతోంది అంది. చలికని కిటికీ మూసుకుంది. గాలి చాలని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. గ్యాస్ గీజర్ పెట్టించుకుంటే దయచేసి బయట గోడకే పెట్టించండి. లోపలికి నీళ్ల పైపు ఒక్కటే రావాలి. మేమైతే ఆ వారమే తీసేశాం.

తర్వాత 15 లీటర్ల కరెంటు గీజర్ తెచ్చాం, 2000 వాట్లది. ట్యాంకు నీళ్లను 30 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ కాలుతుంది. మనిషికో ట్యాంకు లెక్కన మాకు చలికాలంలో నెలకు 90 యూనిట్లు దీనికే. గృహజ్యోతి (తెలంగాణలో ఉచిత కరెంటు పథకం) వచ్చే ఇళ్లవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి, 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

మా బోరు నీళ్లు ఈ గీజర్‌ను బాగా సతాయించాయి. రెండేళ్లకు నీళ్లు కాగడం ఆలస్యమైతే విప్పించాం. ఎలిమెంట్ చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి పొర, గీరితే పెంకులు పెంకులుగా రాలింది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ చీపురుపుల్లంత మిగిలింది. అప్పటి నుంచి ఏటా దసరా పోగానే కడిగిస్తున్నాం, కడ్డీ మార్పిస్తున్నాం.

ఇండక్షన్ పొయ్యి మీద పాలు, చాయ్, పప్పు కుక్కర్ బాగా అవుతాయి. వంటగదిలో సెగ ఉండదు, మే నెలలో అదే పెద్ద సుఖం. అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనిచేస్తాయి కాబట్టి అల్యూమినియం గిన్నెలు అటకెక్కించాం. సిలిండర్ ఇదివరకు 35 రోజులు వచ్చేది, ఇప్పుడు 50 రోజులు వస్తోంది.

జొన్నరొట్టె మాత్రం దాని మీద కుదరలేదు. పెనం నడుమ వలయంలా మాడుతుంది, అంచులు పచ్చిగానే ఉంటాయి. నీళ్లు అద్ది తిప్పేశాక రొట్టె పొంగాలంటే కింద మంట పెనమంతా పరుచుకోవాలి. నెల రోజులు ప్రయత్నించి మానేశాను. రోజూ రొట్టె తినే ఇల్లయితే ఇండక్షన్ కొనండి గానీ గ్యాస్ పొయ్యి తీసేయకండి.