ఇంటి సర్వర్‌లో ఒకేసారి ఐదుగురం: ఆర్‌డీఎస్ లైసెన్సులతో రెండున్నరేళ్లు

విజయవాడలో మా మేడ మీద గదిలో ఒక సర్వర్ ఉంది. 6 కోర్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, రెండు ఎస్‌ఎస్‌డీలు, పక్కన యూపీఎస్. విండోస్ సర్వర్ 2022 స్టాండర్డ్ వేశాను. నేను షాపులకు, మిల్లులకు లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నేను, నా దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలు, గుంటూరులో ఉండే మా తోడికోడలు, సాయంత్రం పూట మావారు, అందరం రిమోట్ డెస్క్‌టాప్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌ను మన తెర మీద వాడుకునే పద్ధతి) ఆ ఒక్క మెషీన్‌లోకే వెళ్లి పనిచేసుకుంటాం. 2023 జూన్ 1న మొదలుపెట్టాం. మెషీన్ ఇంతవరకూ ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇబ్బంది పడింది ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) లైసెన్సుల దగ్గరే. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం వాటి గురించే.

సర్వర్ కంటే ముందు విండోస్ 11 ప్రో ఉన్న మామూలు పీసీతో నెట్టుకొచ్చాం. ప్రోలో రిమోట్ డెస్క్‌టాప్ ఉంటుంది కానీ ఒకసారి ఒక్కరికే. ఇంకొకరు లాగిన్ అయితే మొదటివాళ్లు బయటికి వచ్చేస్తారు. విండోస్‌లోని ఒక సిస్టమ్ ఫైలును (డీఎల్‌ఎల్) మార్చి ఎక్కువమందిని రానిచ్చే చిట్కా ఒకటి చాలామంది చెప్పారు. అది లైసెన్సు ఒప్పందానికి విరుద్ధం. పైగా విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇతరుల లెక్కలు ఉండే మెషీన్‌లో అలాంటిది పెట్టడానికి నాకు మనసు రాలేదు.

సర్వర్ వేసినంత మాత్రాన ఐదుగురూ రాలేరు. మామూలుగా అది రెండు సెషన్లనే ఇస్తుంది, అవీ సర్వర్‌ను చూసుకోవడానికే. ఎక్కువమంది రావాలంటే రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ అనే రోల్ (సర్వర్‌కు అదనంగా చేర్చే సదుపాయం) వేయాలి, లైసెన్సింగ్ రోల్ వేయాలి, క్యాల్స్ కొనాలి. క్యాల్ అంటే సర్వర్‌ను వాడుకునే ఒక్కో మనిషికో, ఒక్కో మెషీన్‌కో కొనే లైసెన్సు. ఖర్చు మూడు చోట్ల పడుతుంది. ఒకటి సర్వర్ లైసెన్సు: మా ప్రాసెసర్‌లో ఉన్నవి 6 కోర్లే అయినా కనీసం 16 కోర్లకు కొనాల్సిందే. రెండు విండోస్ సర్వర్ క్యాల్స్. మూడు ఆర్‌డీఎస్ క్యాల్స్. మధ్యలో ఉన్న సర్వర్ క్యాల్‌ను చాలామంది మర్చిపోతారు. ఆర్‌డీఎస్ క్యాల్ కొన్నా అది విడిగా కావాలి.

రోల్ వేశాక 120 రోజుల గడువు ఇస్తారు. ఆ నాలుగు నెలలూ ఏ లైసెన్సూ అడగదు. అంతా బ్రహ్మాండంగా నడుస్తుంది, మనం ధీమాగా ఉండిపోతాం. జూన్ 1 నుంచి లెక్కేస్తే మాకు అది సెప్టెంబర్ 29కి వచ్చింది, సరిగ్గా ఆడిట్ పనుల మధ్యలో. ఉదయాన్నే అమ్మాయిలిద్దరూ లాగిన్ కాలేకపోయారు, లైసెన్స్ సర్వర్ అందుబాటులో లేదన్న మెసేజ్ వచ్చింది. రిమోట్ డెస్క్‌టాప్ కమాండ్ చివర స్లాష్ అడ్మిన్ అని చేర్చి నేను మాత్రం లోపలికి వెళ్లగలిగాను. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. రోల్ వేసిన రోజే క్యాలెండర్‌లో నూరో రోజు మీద గుర్తు పెట్టుకోండి.

అసలు తప్పు మాత్రం ఆ తర్వాత జరిగింది. హడావుడిగా క్యాల్స్ కొన్నాం. అమ్మిన వాళ్లు "మనుషులు ఐదుగురే కదా మేడమ్, యూజర్ క్యాల్స్ తీసుకోండి" అన్నారు. సబబుగానే అనిపించింది. యాక్టివేట్ చేశాను, గ్రూప్ పాలసీ అనే విండోస్ సెట్టింగుల్లో లైసెన్స్ సర్వర్ పేరు ఇచ్చాను, మోడ్‌ను పర్ యూజర్ అని పెట్టాను. అందరూ లోపలికి వచ్చారు. మధ్యాహ్నం గుంటూరు నుంచి మా తోడికోడలి ఫోన్: "అక్కా, లైసెన్సులో ఏదో సమస్య ఉందట, 60 నిమిషాల్లో కట్ అయిపోతుందని చూపిస్తోంది." గంట కాగానే నిజంగానే కట్ అయ్యింది. మళ్లీ లాగిన్ అయితే మళ్లీ గంటే.

కారణం తెలుసుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది. యూజర్ క్యాల్స్ లెక్క యాక్టివ్ డైరెక్టరీలో, అంటే నెట్‌వర్క్‌లోని యూజర్లందరి వివరాలూ ఒకేచోట ఉంచే ఏర్పాటులో ఉంటుంది. అంటే సర్వర్ ఒక డొమైన్‌లో, అలా కలిపి నడిపే నెట్‌వర్క్‌లో, ఉండాలి. మాలాంటి ఇళ్లలో డొమైన్ ఉండదు, ఏ మెషీన్ యూజర్ల వివరాలు ఆ మెషీన్‌లోనే ఉండే వర్క్‌గ్రూపే. వర్క్‌గ్రూప్‌లో ఉన్న సర్వర్‌కు పర్ డివైస్ క్యాల్స్ మాత్రమే పనికొస్తాయి. ఈ ఒక్క మాట కొనేముందు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! అమ్మిన వాళ్ల చుట్టూ పది రోజులు తిరిగితే గానీ మాకు డివైస్ క్యాల్స్ రాలేదు.

అవి వచ్చాక ఇంతవరకూ సెషన్ తెగలేదు. డివైస్ క్యాల్ ఎలా నడుస్తుందో తెలుసుకుంటే మంచిది. కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు 90 రోజుల తాత్కాలిక లైసెన్సు వస్తుంది. రెండోసారి లాగిన్ అయినప్పుడు అసలుది దొరుకుతుంది. దాని కాలం 52 నుంచి 89 రోజులు, వాడుతూ ఉంటే దానంతట అదే రెన్యూ అవుతుంది. వాడకం మానేస్తే గడువు తీరాక ఇంకో మెషీన్‌కు ఇవ్వడానికి ఖాళీ అవుతుంది.

గత ఏడాది మా తోడికోడలి ల్యాప్‌టాప్ రిపేర్‌కి వెళ్లి ఫార్మాట్ అయి తిరిగొచ్చింది. సర్వర్ దాన్ని కొత్త మెషీన్ అనుకుంది. ఐదు క్యాల్సూ అప్పటికే వాడకంలో ఉన్నాయి కాబట్టి ఆమెకు తాత్కాలిక లైసెన్సే దొరికింది. పాతదాన్ని లైసెన్సింగ్ మేనేజర్‌లో రద్దు చేస్తే సర్దుకుంది. అలా రద్దు చేసుకునే వీలు మొత్తంలో 20 శాతానికే ఉంటుంది. మా ఐదింటిలో అంటే ఒక్కటే. ఫోన్ నుంచి లాగిన్ అయినా ఒక డివైస్ కిందే లెక్క. అందుకే మావారి ఫోన్‌లో ఆ యాప్ తీసేయించాను.

క్యాల్ వెర్షన్ కూడా చూసుకోండి. 2022 క్యాల్ 2019 సర్వర్‌కు పనిచేస్తుంది. 2019 క్యాల్ 2022 సర్వర్‌కు పనిచేయదు. అతి తక్కువ ధరకు ఈమెయిల్‌లో వచ్చే లైసెన్సు కీల జోలికి నేను పోలేదు.

ఆర్‌డీఎస్ క్యాల్ ఉన్నంత మాత్రాన లోపలి సాఫ్ట్‌వేర్లకు అనుమతి వచ్చినట్టు కాదు. మేం లెక్కలకు వాడే ట్యాలీలో సిల్వర్ లైసెన్సు ఒక్కరికే. మేం గోల్డ్‌కు మారాం. ఎక్సెల్ ఇలా పంచుకుని వాడాలంటే షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ ఉన్న ప్లాన్ కావాలి. మా పనికి లిబ్రే ఆఫీస్ సరిపోయింది.

బయటి నుంచి రావడానికి రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవలేదు. వైర్‌గార్డ్ వీపీఎన్ (ఇంటర్నెట్ మీద మనకే ప్రత్యేకమైన భద్రమైన దారి) ద్వారానే వస్తారు.

మీకు విండోస్ ప్రోగ్రాములు అవసరం లేకపోతే ఈ ఖర్చేమీ అక్కర్లేదు. మా అబ్బాయి కోసం పాత పీసీలో లినక్స్, దానిలోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రానిచ్చే ఎక్స్‌ఆర్‌డీపీ వేశాను. ఎంతమంది వచ్చినా లైసెన్సు అడగదు. ట్యాలీ లేకపోతే నేనూ అటే వెళ్లేదాన్ని.

డబ్బు బాగానే అయ్యింది. అయినా గుంటూరులో కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగిపోయినా ఎంటర్ చేస్తున్న వోచర్ ఇక్కడ అలాగే తెరిచి ఉంటుంది, కరెంటు వచ్చాక అక్కడి నుంచే కొనసాగించవచ్చు. నాకు ఆ నిశ్చింత చాలా విలువైనది. వచ్చే నెల మూడో అమ్మాయి చేరుతోంది. ఆమె ల్యాప్‌టాప్ కోసం ఆరో క్యాల్ ఆర్డర్ పెట్టాను. పర్ డివైస్ అని ఆర్డర్ కాగితం మీద నేనే రాసి ఇచ్చాను.