విదాదా, రాజానా? కాసాబ్లాంకాలో ఏ జెర్సీ మేలు?

2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో మొరాకో సెమీఫైనల్ దాకా వెళ్లాక మనవాళ్లలో కూడా కొంతమంది ఆ దేశపు లీగ్ వైపు తొంగిచూడటం మొదలుపెట్టారు. చూసినవాళ్లకి నాలుగు రోజులు తిరక్కుండానే ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: ఎర్ర జెర్సీ విదాదా, ఆకుపచ్చ జెర్సీ రాజానా? రెండూ మొరాకోలోని కాసాబ్లాంకా ఊరి క్లబ్బులే, రెండిటి సొంత మైదానం ఐదో మహమ్మద్ స్టేడియమే, అభిమానుల మధ్య మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. "రెండూ గొప్పవే" అని తప్పించుకోవడం నాకిష్టం లేదు కాబట్టి ఒకదాన్ని తేలుస్తాను. కాకపోతే దేన్ని కొలతగా పెట్టుకుంటామో ముందు అనుకోవాలి. నా కొలత చరిత్ర.

విదాద్ డబ్బున్నవాళ్ల క్లబ్, రాజా కూలీనాలీ జనం క్లబ్ అని ఎక్కడ చదివినా రాస్తారు. సగం నిజం, అంతే. విదాద్ 1937లో పుట్టింది, అదీ ఫుట్‌బాల్ కోసం కాదు, ఈత కోసం. అప్పటికి దేశం ఫ్రెంచ్‌వాళ్ల చేతిలో ఉంది, కాసాబ్లాంకాలో ఈతకొలనులు నడిపేది యూరోపియన్లు, ఆ ఊరివాళ్లకే వాటిలోకి అడుగుపెట్టడం గగనం. మహమ్మద్ బెన్‌జెలూన్, ఇంకొందరు కలిసి మన క్లబ్ మనమే పెట్టుకుందాం అనుకున్నారు. మొదట ఈత, వాటర్‌పోలో, ఆ తర్వాత 1939లో ఫుట్‌బాల్ జట్టు. పెట్టినవాళ్లు చదువుకున్న, కాస్తో కూస్తో ఉన్నవాళ్లే, కానీ పెట్టాల్సి వచ్చిన కారణం మాత్రం గేటు దగ్గర ఎదురైన అవమానం.

రాజా 1949లో దర్బ్ సుల్తాన్ అనే పేటలో పుట్టింది. కార్మిక సంఘాలవాళ్లు, స్వాతంత్ర్య ఉద్యమంలో తిరిగినవాళ్లు కలిసి పెట్టుకున్న క్లబ్ ఇది. తర్వాత దేశంలో పెద్ద యూనియన్ నాయకుడైన మహ్జూబ్ బెన్ సెద్దిక్ కూడా వాళ్లలో ఒకడు. క్లబ్ అధ్యక్షుడికి ఫ్రెంచ్ పౌరసత్వం ఉండాలని ఓ మెలిక ఉంటే, ఆ పౌరసత్వం ఉన్న ఒక అల్జీరియన్‌ను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు, పని కానిచ్చారు. అయితే అదే రాజాకి తర్వాతి కాలంలో అధ్యక్షుడైన మాతీ బువాబిద్ దేశ ప్రధాని కూడా అయ్యాడు. కాబట్టి పేదా గొప్పా లెక్క పెట్టుకుని క్లబ్ ఎంచుకోకండి, ఎక్కడా తెగదు.

పైగా రెండిటికీ ఫుట్‌బాల్ నేర్పింది ఒక్కడే. అసలు పేరు మహమ్మద్ బెన్ లహ్సెన్ అఫాని, అందరూ పిలిచేది పెర్ జేగో అని. విదాద్ ఫుట్‌బాల్ జట్టుని కట్టి, దాన్ని ఉత్తర ఆఫ్రికా ఛాంపియన్‌ని చేసిన కోచ్ ఆయనే. తర్వాత యాజమాన్యంతో పొసగక బయటికొచ్చి, స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే రాజా చేయి పట్టుకున్నాడు. రాజా అంటే చిన్న పాసులు, లాటిన్ అమెరికా తరహా సోకు అని ఇప్పటికీ చెప్పుకుంటారే, ఆ ముద్ర ఆయన వేసిందే. విదాద్‌వాళ్లకి ఇది కాస్త మింగుడుపడని విషయం.

ఇక అంకెలు. విదాద్‌కి 22 లీగ్ టైటిళ్లు, రాజాకి 13. చూడ్డానికి ఏకపక్షంగా ఉంది గానీ అసలు గొడవ ఇక్కడే. విదాద్ 22లో ఐదు (1948, 1949, 1950, 1951, 1955) స్వాతంత్ర్యానికి ముందువి, ఫ్రెంచ్ పాలనలో నడిచిన లీగ్‌వి. అవి మొరాకో టైటిళ్లే కావు, కొట్టేయండి అంటారు రాజావాళ్లు. కొట్టేసినా 17 మిగులుతాయి, అది వేరే సంగతి. రాజాకి మొదటి లీగ్ రావడానికి 1988 దాకా పట్టింది, కానీ 1996 నుంచి 2001 వరకు వరసగా ఆరు కొట్టారు, 2023-24లో సీజన్ మొత్తం ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచారు. ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్‌లో చెరి మూడు: రాజావి 1989, 1997, 1999, విదాద్‌వి 1992, 2017, 2022. రాజా మూడు ఫైనళ్లూ పెనాల్టీల మీదే గెలిచింది, ఆ అభిమానుల బీపీ సంగతి దేవుడికే తెలియాలి. మిగతా ఆఫ్రికా కప్పులు కూడా కలిపితే రాజాదే పైచేయి, ఎనిమిది. విదాద్‌వి ఐదు.

బయటి ప్రపంచం దగ్గరికొస్తే పోటీయే లేదు, రాజా. 2000లో బ్రెజిల్‌లో జరిగిన మొదటి క్లబ్ వరల్డ్ కప్‌లో మూడుకు మూడూ ఓడినా, రియల్ మాడ్రిడ్‌తో 2-2 దాకా వచ్చి చివర్లో గోల్ తిని 2-3తో ఓడారు. 2013 అయితే వేరే లెవెల్. ఆతిథ్య దేశం మొరాకో ఛాంపియన్‌గా వచ్చిన జట్టు, టోర్నీ మొదలవబోతుంటే కోచ్‌నే మార్చేసింది. అయినా ఆక్లండ్‌ను, మాంటెర్రేను దాటి సెమీస్‌లో బ్రెజిల్ స్టార్ రొనాల్డిన్హో ఉన్న అట్లెటికో మినేరో ముందు నిలబడింది. ఇయాజూర్ గోల్ కొట్టాడు, రొనాల్డిన్హో ఫ్రీకిక్‌తో సమం చేశాడు, 84వ నిమిషంలో మూతవాలి పెనాల్టీ, చివరి క్షణాల్లో మాబిదే ఇంకొకటి, 3-1. విజిల్ పడగానే రాజా ఆటగాళ్లు రొనాల్డిన్హోని చుట్టుముట్టి, కాళ్లకున్న బూట్లు కూడా విప్పించి పట్టుకెళ్లారు. ఇప్పుడే ఓడించినవాడి దగ్గర అభిమానుల్లా మారిపోవడం చూస్తే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. ఫైనల్లో బాయర్న్ చేతిలో 0-2. విదాద్ 2025లో అమెరికాలో జరిగిన క్లబ్ వరల్డ్ కప్‌లో మాంచెస్టర్ సిటీ, యువెంటస్, అల్ ఐన్‌తో ఆడి మూడూ ఓడింది, దాని గురించి చెప్పుకోడానికేం లేదు.

విదాద్ అసలు కథ ఆఫ్రికా ఫైనళ్లలో ఉంది. 2019లో ట్యునీషియాలోని రాదెస్‌లో అక్కడి జట్టు ఎస్పెరాన్స్‌తో రెండో లెగ్ (ఫైనల్ రెండు మ్యాచ్‌లుగా జరిగింది, అందులో రెండోది), 0-1 వెనకబడ్డారు, ఎల్ కర్తి సమం చేస్తే రెఫరీ గోల్ ఇవ్వలేదు, వీఏఆర్‌లో, అంటే వీడియో రీప్లేలో చూడండి అంటే వీఏఆరే పనిచేయట్లేదని తేలింది. ఫైనల్ మ్యాచ్‌లో! ఆడం అని కూర్చున్నారు. గంటకు పైగా సాగదీసి కప్పు ఎస్పెరాన్స్‌కి ఇచ్చేశారు, మళ్లీ ఆడించాలని ఒక తీర్మానం, అది చెల్లదని క్రీడా కోర్టు, చివరికి కప్పు ఎస్పెరాన్స్ దగ్గరే ఉండిపోయింది. నోటి దగ్గర కూడు లాగేసినట్టు అన్న బాధ విదాద్‌వాళ్లకి ఇంకా తగ్గలేదు. మూడేళ్లకి, 2022 మే 30న, సొంత స్టేడియంలో మూతరజీ రెండు గోల్స్‌తో ఈజిప్టు జట్టు అల్ అహ్లీని 2-0 కొట్టారు. అప్పటి కోచ్ వలీద్ రెగ్రాగి. అదే ఏడాది వరల్డ్ కప్‌లో మొరాకోని నాలుగో స్థానం దాకా నడిపించింది కూడా ఆయనే. అంటే మనం ఈ లీగ్ వైపు చూడటంలో విదాద్ చెయ్యి కొంత ఉంది.

ఈ రెండు జట్లూ తలపడే డెర్బీల్లో ఒక్కటే చూడాలంటే 2019 నవంబర్ నాటి అరబ్ క్లబ్ కప్ మ్యాచ్ వెతుక్కుని చూడండి. మొదటి లెగ్ 1-1. రెండో లెగ్‌లో విదాద్ 4-1తో ఉంది, ఇంక అయిపోయిందనుకున్నాక రాజా ఒక్కోటీ తిరిగి కొట్టుకుంటూ వచ్చి ఆఖర్లో 4-4 చేసి, ప్రత్యర్థి ఆతిథ్యమిచ్చిన లెగ్‌లో కొట్టిన గోల్స్ ఎక్కువున్నవాళ్లదే పైచేయి అనే 'ఎవే గోల్స్' లెక్క మీద పైకి వెళ్లిపోయింది. ఎర్రజెర్సీవాళ్లు ఇది ఎత్తితే టాపిక్ మార్చేస్తారు.

స్టాండ్స్ సంగతిలో నేను తేడా చెప్పలేను. విదాద్‌కి విన్నర్స్, రాజాకి గ్రీన్ బాయ్స్, రెండు అల్ట్రా (వీరాభిమానుల) గుంపులూ 2005లో పుట్టినవే. పాటల్లో మాత్రం రాజాకి అర మార్కు ఎక్కువ, నిరుద్యోగం మీదా అన్యాయం మీదా వాళ్లు కట్టిన పాట మొరాకో దాటి పక్క దేశాల్లో కూడా జనం నోట్లో నానింది. నిర్వాహకుల విషయంలో మాత్రం రెండూ సమానమే, ఈమధ్య రెండు క్లబ్బుల మాజీ అధ్యక్షులూ కోర్టు కేసుల్లో ఇరుక్కున్నారు.

ఇంతా రాసి నా ఓటు విదాద్‌కే. రాజావాళ్లు కొట్టేయమంటున్న ఆ ఐదు టైటిళ్లే దానికి కారణం. ఈతకొలనులోకి రానివ్వని కాలంలో, వలస వచ్చిన యూరోపియన్ల క్లబ్బులు ఏలుతున్న లీగ్‌లో, వాళ్ల నిబంధనలతోనే ఆడి వరసగా నాలుగేళ్లు వాళ్లనే ఓడించడం చిన్న విషయమా? నన్నడిగితే 22లో బరువైనవి అవే, కొట్టేయాల్సి వస్తే మిగతా వాటిలో ఏవైనా కొట్టేసుకోండి. అలా అని అందరికీ విదాద్ చెప్పను. చరిత్ర గొడవ నాకెందుకు, మ్యాచ్ పెడితే టెన్షన్‌తో గోళ్లు కొరుక్కోవాలి అనేవాళ్లు కళ్లు మూసుకుని రాజా తీసుకోండి. ఇప్పటి ఫామ్ మాత్రమే కావాలంటే ఈ రెండూ వద్దు, బెర్కాన్ అనే క్లబ్ చూడండి, 2025లో మొదటిసారి లీగ్ కొట్టి అదే ఏడాది ఆఫ్రికా కాన్ఫెడరేషన్ కప్ కూడా ఎత్తుకెళ్లింది.