స్టేషన్‌లో ఫోటోలు: అనుమతి సేవపై ఒక సమీక్ష

ఒక పెద్ద రైల్వే స్టేషన్‌లో మొదట సరదాకు, తరువాత ఒక ప్రకటన కోసం ఫోటోలు తీసిన అనుభవంతో అక్కడి అనుమతి విధానాన్ని గురించి రాస్తున్నాను. సొంత జ్ఞాపకాల కోసం ఫోటోలు తీసుకునేవారిని సిబ్బంది అడ్డుకోలేదు. ప్లాట్‌ఫాం అంచున ఉన్న పసుపు గీత దాటవద్దని, ఫ్లాష్ వాడవద్దని మాత్రం చెప్పారు. ఆ వెలుగు డ్రైవరు కళ్లలో పడితే సిగ్నల్ గమనించడంలో తడబాటు రావచ్చు కనుక ఇందులో తప్పుపట్టవలసింది లేదు. సెల్ఫీ కర్రపై నిషేధం మొదట అతిగా తోచింది గాని, పట్టాలపైన ఉండే 25,000 వోల్టుల కరెంటు తీగను కర్ర తాకకపోయినా, మరీ దగ్గరకు వెళితే విద్యుత్తు దూకగలదని తెలిశాక అభిప్రాయం మార్చుకున్నాను.

వాణిజ్య చిత్రీకరణ దగ్గరే ఈ సేవ నిరాశపరిచింది. ట్రైపాడ్లు, లైట్లు ప్రయాణికుల దారికి అడ్డం వస్తాయి కాబట్టి దరఖాస్తు, రుసుము, బీమా పత్రం అడగడం సబబే. అయితే ఏది వాణిజ్యమో దరఖాస్తులో ఎక్కడా స్పష్టంగా లేదు. కౌంటరులోని ఉద్యోగి నా కెమెరా పరిమాణాన్ని బట్టి తేల్చేశారు. నిజానికి చూడవలసింది ఫోటో ఎందుకు వాడుతున్నామన్నది: ఫోన్‌తో తీసినా ప్రకటనలో వాడితే అది వాణిజ్యమే, పెద్ద లెన్సుతో తీసినా ఇంటి గోడకే పరిమితమైతే కాదు. పెళ్లికి ముందు తీయించుకునే ఫోటోల సంగతి మరీ చిక్కు, ఎందుకంటే జంటకు అవి జ్ఞాపకం, ఫోటోగ్రాఫరుకు జీవనోపాధి. అనుమతి చేతికందడానికి మూడు వారాలు పట్టింది. సరదాగా తీసుకునేవారికైతే అయిదుకు నాలుగు మార్కులు, వృత్తిగా తీసేవారికి రెండే ఇస్తాను.