పడమటి గోడ రెండు పొరలుగా కట్టించాం, మేస్త్రి పని ఎలా ఉందంటే

హైదరాబాద్ బోడుప్పల్‌లో మా కొత్త ఇంటికి పడమర, దక్షిణం గోడలు మాత్రం క్యావిటీ వాల్‌గా కట్టించుకున్నాం. బయట నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, మధ్యలో రెండు అంగుళాల ఖాళీ, లోపల మళ్ళీ నాలుగున్నర అంగుళాల గోడ. కట్టింది పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి, ఆయన మనుషులు నలుగురు. రెండు వానాకాలాలు చూశాకే రాద్దామని ఆగాను. ఐదుకి నాలుగు ఇస్తున్నాను.

అసలు ఈ గోడ ఎందుకు అనుకున్నామంటే, 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోరు కదా, అప్పుడు మేం ఉప్పల్‌లో అద్దెకుండేవాళ్ళం, తెల్లారేసరికి మంచం పక్క గోడంతా చెమ్మ. తర్వాత ఉప్పు పూసింది, పెయింట్ పెచ్చులూడింది, ఆ గదిలో పడుకునే మా అత్తమ్మకి దగ్గు తగ్గలేదు. ఓనర్ లోపలి వైపు రెండుసార్లు డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ వేయించాడు. నీళ్ళు బయటి నుంచి వస్తుంటే లోపల పూసి ఏం లాభం? ఇక్కడ వానాకాలం గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచే, జల్లు కొట్టేది ఆ గోడలకే. అందుకే ఆ రెండింటికే ఈ ఖర్చు పెట్టాం.

మేస్త్రికి ఇది కొత్త పని. ఆ మాట మొదటి రోజే చెప్పాడు, అది నాకు నచ్చింది. ఇంజనీర్ గీసిచ్చిన బొమ్మ చూసుకుని, ముందు నాలుగడుగుల ముక్క కట్టి చూపించాడు. ఈ గోడలో ఇటుకల కంటే మధ్యలో ఉన్న ఖాళీయే ముఖ్యం. బయటి గోడ తడుస్తుంది, ఎంత బాగా కట్టినా కొంత నీరు దాని లోపలి ముఖం మీదికి దిగుతుంది, కిందికి జారి బయటికి పోవాలి, అంతే. మధ్యలో మాలు (ఇటుకల మధ్య పెట్టే సిమెంటు, ఇసుక ముద్ద) పడి ఎక్కడైనా గడ్డకట్టిందా, ఆ గడ్డ మీదుగా నీరు లోపలి గోడకి ఎక్కుతుంది. అప్పుడు మామూలు తొమ్మిది అంగుళాల గోడ కట్టుకున్నా పోయేది.

అందుకని ఖాళీలో పట్టేంత చెక్కపట్టీకి రెండు చివర్లా తాడు కట్టి లోపల వేలాడదీశాడు. పడిన మాలంతా దాని మీదే పడుతుంది, రెండు గోడల్నీ కలిపి పట్టి ఉంచే లోహపు ముక్కలు, అంటే టైలు, తర్వాతి వరసవి పెట్టే ముందు పైకి లాగి, గీకి, మళ్ళీ దింపేవాడు. మొదటి రెండు రోజులు కూలీలు విసుక్కున్నారు. "అక్కా, ఇట్లయితే పని సాగదు" అన్నాడు ఒకబ్బాయి. మేస్త్రి మాత్రం ఒక్కపూట కూడా వదల్లేదు. అట్టడుగు వరసలో అక్కడక్కడా ఒక ఇటుక పెట్టకుండా ఉంచి, సాయంత్రం అందులో చేయి పెట్టి పడినదంతా తీసేవాడు, గోడ పూర్తయ్యాకే ఆ ఇటుకలు మూశాడు.

ఆ టైలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తెప్పించాం, అడ్డంగా మూడడుగులకొకటి, నిలువుగా అడుగున్నరకొకటి, కిటికీల పక్కన ఇంకా దగ్గరగా. ప్రతి టై కొద్దిగా బయటికి వాలేలా పెట్టాడు. లోపలికి వాలితే దాని వెంట నీరు లోపలికే వస్తుంది. నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా వేసే డీపీసీ పొర నేలకి ఆరు అంగుళాల పైన, రెండు పొరలకీ వేశాడు. కిటికీలు, తలుపుల పైన వచ్చే లింటెల్ మీద లోపలి గోడ నుంచి బయటి గోడకి మెట్టులా దిగే షీటు వేయించాం, దాని పైనా, అట్టడుగు వరసలోనూ మూడడుగులకొక చోట నిలువు జాయింటులో మాలు పెట్టకుండా వదిలాడు, నీళ్ళు పోవడానికి. బయట ప్లాస్టర్ చేసేటప్పుడు ఆ సందులు పూడిపోకుండా పుల్లలు గుచ్చి ఉంచింది కూడా ఆయనే, నాకు ఆ ఆలోచనే రాలేదు. ప్లాస్టర్‌కి ముందు గోడకి నీళ్ళు కొట్టి క్యూరింగ్ చేస్తుంటే కింది సందుల్లోంచి నీళ్ళు కారడం చూసి ఎంత సంతోషమేసిందో!

ఇక ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఏసీ పైపు కోసం ఎలక్ట్రీషియన్ గోడకి రంధ్రం కొట్టాడు, దాన్ని మూసిన మేస్త్రి హెల్పర్ పైపు చుట్టూ ఖాళీ అంతా మాలుతో నింపేశాడు. ఆ రోజు మేస్త్రి సైట్లో లేడు. మొదటి పెద్దవానకే బెడ్‌రూమ్‌లో పళ్ళెమంత మచ్చ. ఫోన్ చేస్తే రెండో రోజు వచ్చి, బయట నాలుగు ఇటుకలు విప్పి, గడ్డ తీసి, పైపుని బయటికి వాలుగా పెట్టి మళ్ళీ కట్టాడు, డబ్బులు తీసుకోలేదు. అయినా తన మనిషి పని తాను చూసుకోవాల్సింది. మీరు కట్టిస్తుంటే ప్లంబర్, ఎలక్ట్రీషియన్ ఎవరు గోడ ముట్టుకున్నా మేస్త్రి అక్కడ ఉండేలా ముందే మాట్లాడుకోండి.

ఖర్చు, రోజులు రెండూ ఎక్కువే, గదిలో రెండంగుళాల వెడల్పు పోతుంది. స్లాబ్ లీకేజీకి ఇది మందు కాదు, దానికి వాటర్‌ప్రూఫింగ్ వేరుగా చేయించుకోవాల్సిందే. కాకపోతే ఎండాకాలం సాయంత్రాలు పడమటి గది ఇదివరకటి ఇంట్లోలా సెగ కొట్టడం లేదు.

మొన్న మామయ్య పూలమొక్కలకని గోడ వారన మట్టి పోయిస్తే కింది సందులు సగం మూసుకుపోయాయి, అటువైపు పని మీద వచ్చిన మేస్త్రి అది చూసి, మమ్మల్ని పిలిచి, తనే పార తీసుకుని ఆ మట్టి లాగేసి వెళ్ళాడు.