ఒక్క రోజే ఉంటే: ఎన్‌డీఎస్‌ఎంకా, ఆర్‌డీఎంకా?

నెదర్లాండ్స్‌లో మూతపడ్డ ఓడల తయారీ కంపెనీల యార్డులు చూడాలనుంది, చేతిలో ఒక్క రోజే. ఈ రెండింటిలో ఎటు వెళ్లాలి?

ఖర్చు: ఆమ్‌స్టర్‌డామ్ ఎన్‌డీఎస్‌ఎంకు సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి ఫెర్రీ ఉచితం. రోటర్‌డామ్ ఆర్‌డీఎంకు బస్సుకో పడవకో టికెట్ కావాలి.

చరిత్ర: ఎన్‌డీఎస్‌ఎం 1946లో రెండు కంపెనీలు కలిసి పుట్టింది, 1984లో దివాలా తీసింది. ఆర్‌డీఎం 1902లో మొదలై 1996 దాకా నిలిచింది.

మిగిలింది: ఎన్‌డీఎస్‌ఎం వెల్డింగ్ షెడ్డు ఇప్పుడు వీధిచిత్రాల మ్యూజియం. ఓడల్ని నీళ్లలోకి జార్చిన కాంక్రీటు వాలు ఇంకా ఉంది, ఓడ మాత్రం లేదు. ఆర్‌డీఎం కట్టిన ‘రోటర్‌డామ్’ అనే ఓడ మాత్రం 1959లో తొలి ప్రయాణం చేసి, ఇప్పుడు అదే ఊళ్లో హోటల్‌గా తేలుతోంది. కార్మికుల కోసం కట్టిన హెయిప్లాట్ కాలనీ కూడా అక్కడే. నా మనసు ఇటే లాగుతుంది.

శ్రమ: రోటర్‌డామ్‌లో ఓడ, యార్డు వేర్వేరు చోట్ల. టైం తినేస్తాయి.

పిల్లలతో, పూట టైంతో ఉంటే ఎన్‌డీఎస్‌ఎం. ఓడ డెక్ మీద నిలబడాలనుంటే రోటర్‌డామ్.