ధర రాయని నాటుకోడి, ధర రాసిన చింతచిగురు

వరంగల్‌లో బయట భోజనం చేయబోయేవాళ్ళకు నా మొదటి సలహా: మెనూలో ధర రాయని వంటకం ఎంత ఊరించినా ఆర్డరు చేయవద్దు. ఎందుకో చెబుతాను.

మేము ఆ ఊరికి వెళ్ళిందే తిండి కోసం. రంజాన్ మాసం, కొత్త మిర్చి మార్కెట్టుకు వచ్చే కాలం, చింతచిగురు మొదలయ్యే రోజులు మూడూ ఒకేసారి కలిసి వచ్చాయని పట్టుబట్టి మా ఆయననూ అత్తయ్యనూ బయలుదేరదీశాను. సికింద్రాబాద్ నుంచి రైలు ప్రయాణం హాయిగా సాగింది. వేయిస్తంభాల గుడి, ఖిలాలోని కాకతీయ తోరణాలు, భద్రకాళి చెరువు అన్నీ చూశాం, అన్నీ బాగున్నాయి. హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో ఏసీ గది 1,800 రూపాయలు, అదనపు మంచానికి 300. శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు మాత్రం ఉదయం ఎనిమిది దాటితే రావు. మేడారం జాతర రోజుల్లో ఈ ధరకు గది దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

ఇక ఆ రెస్టారెంటు. హనుమకొండలో పెద్ద రోడ్డు మీదే ఉంటుంది. పేరు రాయను. గోడ మీద ఎడ్లబండి బొమ్మ, బల్లల మీద మట్టి కుండలు, బోర్డు మీద 'అసలైన తెలంగాణ రుచులు'. మెనూలో నాటుకోడి పులుసుకు ఎదురుగా అంకె లేదు, 'సైజును బట్టి' అని ఉంది. ఎంతవుతుందని అడిగితే వడ్డించే అబ్బాయి "మామూలుగానే ఉంటుందమ్మా" అని వెళ్ళిపోయాడు. పది నిమిషాలు తిరగకముందే పులుసు వచ్చేసింది.

మా అత్తయ్య తణుకు దగ్గర పల్లెలో ఇరవై ఏళ్ళు పెరట్లో కోళ్ళు పెంచిన మనిషి. ఒక ముక్క తీసుకుని, కాలి ఎముకను పంటితో నొక్కి, పళ్ళెం అంచున పెట్టేశారు. "ఇది నాటుకోడి కాదమ్మా. ఎముక ఇంత మెత్తగా విరగదు" అన్నారు. చూస్తే నిజమే. మాంసం తెల్లగా, ముట్టుకుంటే ఎముక నుంచి ఊడి వచ్చేస్తోంది. నాటుకోడి మాంసం రంగు కాస్త ముదురుగా ఉంటుంది, ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది, తొందరగా ఉడకదు, నమలాలి. పెరట్లో పెంచుకోవడానికి తయారుచేసిన వనరాజ, గిరిరాజ వంటి జాతులను కూడా నాటుకోడి పేరుతో అమ్ముతారని తెలుసు. ఇది అది కూడా కాదు. వారం వారం ఇంటికి తెచ్చుకునే బ్రాయిలర్ కోడినే కొబ్బరి, జీడిపప్పు ముద్దలో ముంచి, పైన ఎర్రటి నూనె తేల్చి ఇచ్చారు.

బిల్లు ఇలా ఉంది. నాటుకోడి పులుసు 1,150. బగారా అన్నం మూడు ప్లేట్లు 540. జొన్న రొట్టెలు నాలుగు 120. పెరుగు 60. నీళ్ళ సీసాలు రెండు 80. మొత్తం 1,950. దాని మీద పది శాతం సర్వీసు ఛార్జీ 195, ఆ ఛార్జీతో కలిపి అయిదు శాతం జీఎస్టీ. కట్టాల్సింది 2,252 రూపాయలు.

కోడి సంగతి మేనేజరును అడిగితే "మా దగ్గరికి వచ్చేవన్నీ నాటుకోళ్ళే మేడం" అన్నాడు. వంటగదిలోకి వచ్చి చూస్తామంటే కుదరదన్నాడు. సర్వీసు ఛార్జీ తీసేయమంటే "హోటల్ పాలసీ" అన్నాడు. ఇక్కడ నేను వదలలేదు. సర్వీసు ఛార్జీని బిల్లులో తమంతట తాము కలపకూడదని, కట్టడం కట్టకపోవడం కస్టమరు ఇష్టమని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఈ మాట చెప్పి, అక్కడే బల్ల దగ్గర కూర్చుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను కలిపాను. మా ఆయన "రెండు వందల కోసం ఇంత రభసా?" అని బయటికి వెళ్ళి నిలబడ్డారు. రాత్రి పడుకునేదాకా నాతో సరిగా మాట్లాడలేదు. అత్తయ్య మాత్రం నా పక్కనే కూర్చున్నారు. ఫిర్యాదు నమోదు చేస్తున్నారని వినగానే మేనేజరు కొత్త బిల్లు తెచ్చాడు: 2,047. ఆ 205 రూపాయలు దక్కాయి కానీ, కోడి పేరుతో పోయిన డబ్బు పోయింది. నాటుకోడి తినాలని ఉంటే కోడిని కళ్ళతో చూసి, తూకం వేయించి, వండించుకునే చోటికే వెళ్ళండి. గంటన్నర పడుతుంది. పట్టాలి కూడా.

మర్నాడు పొద్దున్నే హనుమకొండ రైతుబజారుకు వెళ్ళాం. మనసు కుదుటపడింది అక్కడే. రైతుబజార్లు ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరిలో మొదలయ్యాయి. దళారీ లేకుండా, గుర్తింపు కార్డున్న రైతు తన పంట తానే అమ్ముకోవాలి. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బయటి చిల్లర ధర కంటే తక్కువగా. కార్డు వెనక నిజంగా రైతే ఉన్నాడా అన్నది ప్రతి కొట్టు దగ్గరా తేల్చలేం. చేతులు చూస్తే, కూర గురించి రెండు ప్రశ్నలు అడిగితే తెలిసిపోతుంది. పుంటికూర (గోంగూర) అమ్ముతున్న పెద్దావిడను "ఎప్పుడు కోశారు?" అని అడిగితే, రాత్రి కరెంటు వచ్చినప్పుడు నీళ్ళు పెట్టి తెల్లవారుజామున కోశామని, ఎర్ర కాడది పచ్చడికి, తెల్ల కాడది పప్పుకు తీసుకోమని చెప్పింది. రెండు కట్టలు 20 రూపాయలు.

చింతచిగురు ఒక మూల గంపలో కనిపించింది. వంద గ్రాములు 50 రూపాయలు. కొత్తగా వచ్చింది కాబట్టి ధర ఎక్కువే. అత్తయ్య గుప్పెడు తీసి వెలుతురులో పెట్టి చూశారు. లేత చిగురు ఆకులు ఇంకా పూర్తిగా విప్పుకోకుండా, రాగి ఛాయ కలిసిన ఆకుపచ్చలో ఉంటాయి. కాడను గోటితో తుంచితే టక్కున తెగాలి. పీచు సాగిందంటే ముదిరినట్టే. ఇది తెగింది. పావుకిలో తీసుకున్నారు, 125 రూపాయలు. లాడ్జిలో పొయ్యి లేదు కదా అని నేను అంటున్నా వినిపించుకోలేదు.

ఆ పావుకిలో చిగురే మాకు ఈ ప్రయాణంలోకెల్లా గొప్ప భోజనం పెట్టింది. బస్టాండు వైపు సందులో భార్యాభర్తలు నడిపే చిన్న మెస్సు ఉంది. భోజనం 110 రూపాయలు అని తలుపు పక్కన పలక మీద సుద్దముక్కతో రాసి ఉంది. అత్తయ్య సంచి పట్టుకుని తిన్నగా వంటగది గుమ్మం దగ్గరికి వెళ్ళి "దీంతో కాస్త పప్పు చేసి పెడతావా అమ్మా?" అని అడిగారు. ఆవిడ సంచిలోకి తొంగిచూసి "మంచి చిగురు దొరికింది మీకు" అని తీసుకుంది. చిగురును రెండు అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఏరి పారేసి, ఉడికిన కందిపప్పులో పచ్చిమిర్చితో కలిపి, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లితో పోపు పెట్టింది. చింతపండు చుక్క వేయలేదు, పులుపంతా ఆకుదే. పక్కన వేడి జొన్న రొట్టె, పచ్చిపులుసు. ఆ పచ్చిపులుసులో కాల్చిన మిర్చి, చేత్తో నలిపిన ఉల్లిపాయతో పాటు వేయించిన నువ్వుల పొడి కూడా ఉంది. అది పులుపును కాస్త వెనక్కి నెట్టి నోటికి చిక్కదనం ఇస్తుంది. మా ఇళ్ళల్లో నువ్వుల పొడి వేయరు, ఇకమీదట వేస్తాం. మా ఆయన మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. నిన్నటి కోపం అక్కడితో పోయింది. ముగ్గురికీ 330, పప్పు వండినందుకు 60. ఆ 60 కూడా మేము బలవంతం చేస్తేనే తీసుకున్నారు.

సాయంత్రం పిండివంటల దుకాణాలు తిరిగాం. సకినాలు సంక్రాంతి వంటే అయినా ఏడాది పొడవునా అమ్ముతారు. కిలో 420 రూపాయలు. ప్యాకెట్లో సీలు వేసినవి వద్దు, పాత నూనె వాసన వచ్చింది. రోజూ చుట్టే చోట కొనండి. ఇక ఇక్కడివాళ్ళు గిన్నప్ప అనీ సర్వపిండి అనీ పిలిచేది తప్పకుండా పొయ్యి మీద నుంచి దించగానే తినాలి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లి కాడలు కలిపి గిన్నె లోపల అడుగుకూ అంచులకూ పలుచగా అద్దుతారు. వేలితో నాలుగైదు చోట్ల చిల్లులు పెట్టి ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద వదిలేస్తారు. ఒకటి తీశాక వేడి గిన్నెలో వెంటనే మరొకటి అద్దడం కుదరదు. అందుకే ఆ అమ్మాయి గిన్నెను నీళ్ళల్లో బోర్లించి చల్లార్చి మళ్ళీ మొదలుపెడుతోంది. మా వంతుకు అరగంట పట్టింది. ఒక్కొక్కటి 50 రూపాయలు. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, చిల్లుల చుట్టూ మరీ ఎక్కువగా, మధ్యలో కాస్త మెత్తగా ఉంది. చల్లారినవి గాజు పెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళ దగ్గర 30కే దొరుకుతుంది. వద్దు.

చీకటి పడ్డాక మండీ బజారులో హలీం. మటన్‌ది ప్లేటు 200. గోధుమలు, పప్పులు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి కర్రలతో మెదిపే పని రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. ఉపవాసం విడిచేవాళ్ళ రద్దీ తగ్గాక, ఎనిమిది దాటి వెళితే మర్యాద. అత్తయ్య మొదట వాసన చూసి వద్దన్నారు, తర్వాత నా ప్లేటులో సగం తిన్నారు.

చివరగా ఎనుమాముల మార్కెట్ యార్డు. మిర్చి కాలంలో ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా లోపలికి వెళ్ళకండి. మా ఆయన గేటు దగ్గరే తుమ్ములతో ఆగిపోయారు. లోపల బస్తాల వరుసలు, నోళ్ళు విప్పి పెట్టిన ఎర్రటి కాయలు, వాటి మధ్య రాత్రంతా కాపలా ఉండి కళ్ళు ఎర్రబడ్డ రైతులు. పొద్దున జెండా పాటలో, అంటే మార్కెట్టు వేలంలో, పలికిన ధరే పేపర్లో వస్తుంది కానీ, అది మేలైన సరుకుకు దక్కే ధర. చాలామంది రైతుల బస్తాలు అంతకంటే తక్కువకే పోతాయి. రెస్టారెంటులో ధర దాచిపెట్టి మా దగ్గర గుంజారు. ఇక్కడ ధర అందరికీ వినబడేలా పలికి కూడా రైతుకు దక్కనివ్వడం లేదు. ఒక రైతు బస్తాకు నాణ్యత తక్కువని చెప్పి కోత పెడుతుంటే ఆయన ఎదురు మాట్లాడకుండా తువ్వాలు తీసి భుజం మార్చుకోవడం చూశాను. చూసి తట్టుకోలేకపోయాను.

యార్డులో బస్తాల లెక్కే, చిల్లరగా అమ్మరు. బయటి దుకాణాల్లో కిలోల్లో దొరుకుతుంది. చపాటా మిర్చి అడగండి. టమాటా మిర్చి అని కూడా అంటారు, పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ కాబట్టి ఆవకాయ పెట్టేవాళ్ళకు ఇంతకంటే మంచిది లేదు. మేము కిలో 350 చొప్పున రెండు కిలోలు, ఘాటు కోసం తేజ రకం కిలో 230కి కొన్నాం. పొడి కారం మాత్రం అక్కడ కొనవద్దు; కాయే కొని, తొడిమలు తీసి, ఒక రోజు ఎండబెట్టి, మీ ఊళ్ళో ఎదురుగా నిలబడి మర పట్టించుకోండి. రెండు పాళ్ళు చపాటా, ఒక పాలు తేజ అన్నది అత్తయ్య లెక్క. ఆవకాయకైతే తేజ ఇంకా తగ్గించమన్నారు.