పాపికొండలు ప్యాకేజీకి ముందే డబ్బులు పంపకండి, మా ఇంట్లో జరిగింది చదవండి

నిన్న పొద్దున జరిగింది, నాకింకా కోపం దిగలేదు. ఫేస్‌బుక్‌లో తిరుగుతోందే ఆ మూడు రోజుల గోదావరి ప్యాకేజీ, పాపికొండలు లాంచీ, సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు (రేవు దాటించే బల్లకట్టు), దిండిలో హౌస్‌బోటు, అదే. నలుగురికి 22 వేలు మొత్తం ముందే ఫోన్‌పే చేసేశా. తప్పు నాదే. మా నాన్నది కొవ్వూరు పక్కన పల్లె, రోడ్డు కం రైలు బ్రిడ్జి రాకముందు లాంచీలోనే రాజమండ్రి వెళ్లేవాళ్ళట, మళ్ళీ ఒక్కసారి లాంచీ ఎక్కాలని ఎప్పట్నుంచో అడుగుతున్నారు, ఆ తొందరలో ఏదీ విచారించలేదు.

ప్యాకేజీ అమ్మినవాడు లాంచీలు బయల్దేరే గండిపోచమ్మ గుడి దగ్గరికి రమ్మన్నాడు. తీరా వెళ్లాక ఫోన్ చేసి రేవులో రద్దీగా ఉంది, కొంచెం కిందికి రండి మనవాడు ఉంటాడు అన్నాడు. అక్కడ ఉన్నది ఫోటోలో చూపించిన రెండంతస్తుల ఏసీ బోటు కాదు, రేకు కప్పిన చిన్న బోటు, అప్పటికే జనం ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నట్టు ఉన్నారు, మా పేర్లు రాసుకున్నవాడు లేడు, టికెట్టూ లేదు. సరే అని ఎక్కాం. మా పాపకి ఆరేళ్ళు, దానికి పెద్దవాళ్ళ లైఫ్ జాకెట్ ఇచ్చారు, మోకాళ్ళ దాకా వచ్చింది, చూస్తే బెల్టుకి క్లిప్పు లేదు, పురికొసతో ముడేసి ఉంది. నేను లాగితే ఆ ముడి నా చేతిలోకే ఊడొచ్చింది.

చిన్నపిల్లల సైజుది ఇవ్వండి బాబూ అని అడిగితే ఆ బోటు మనిషి ఏమన్నాడో తెలుసా, "ఏటండీ ఇంత గొడవ, ఫోటోకి సరిపోద్ది కదా, నచ్చకపోతే దిగిపోండి, డబ్బులు మాత్రం రావు". ఫోటోకి! ఏ గోదావరి మీద అంటున్నాడు ఆ మాట? 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి యాభై మంది దాకా పోయింది ఈ దారిలోనే కదా. కొన్ని శవాల కోసం నెల రోజులకు పైగా ఎదురుచూశారు, బోటుని పైకి తీసిందే అక్టోబర్ 22న.

నాన్నే నా చెయ్యి పట్టుకుని పదరా దిగుదాం అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడలేకపోయా. మేం దిగగానే బోటు వెళ్లిపోయింది, అందులో చంటిబిడ్డ తల్లి కూడా ఉంది, ఆవిడకైనా గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేకపోయా, అదే రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు. ప్యాకేజీ అమ్మినవాడు సాయంత్రానికి నా నంబర్ బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చా.

వెళ్లేవాళ్ళు రేవులో కౌంటర్ దగ్గరే టికెట్ తీసుకోండి, పేరూ వయసూ రాయించండి, రేవు దాటి పక్కకి రమ్మంటే వెళ్లకండి, జాకెట్ క్లిప్పు పెట్టి చూశాకే బోటు కదలనివ్వండి. ఇదే ప్యాకేజీకి డబ్బులు కట్టినవాళ్ళు ఉంటే మెసేజ్ పెట్టండి, స్క్రీన్‌షాట్లన్నీ దాచా, అందరం కలిసి కంప్లయింట్ ఇద్దాం.